పైడి ఏ వైపు లెక్క

శ్రావణ బహుళ విదియ

ఈ పుస్తకం నాకు మధ్యస్థ సభ ఇచ్చింది. తుపాకీ దెబ్బకు ఇంట్లో మనిషి పోతే, ఆ చావు వ్యవహారం తేలేదాకా ఆ ఇంటివాళ్ళు ఇందులో రాస్తూ ఉండాలట. ఏం పని చేశారు, ఎవరు వచ్చారు, ఎవరు ఏమన్నారు. సభ రాయసగాడు త్రినాథరావు అప్పుడప్పుడు వచ్చి చదివి, కింద ముద్ర వేసి పోతాడు. కాబట్టి త్రినాథబాబూ, ముందే చెబుతున్నాను. నా చేతిరాత కాకిగీతలు. నోరు అంతకంటే చెడ్డది. నచ్చకపోతే కళ్ళద్దాలు తీసేసి చదువుకో.

నా పేరు దాలమ్మ. సముద్రం మీద తేలే ఈ తెప్పలపట్నంలో, తూర్పు వరుసలో నీళ్ళ బట్టీ నాది. ఎండకు ఉప్పునీళ్ళు కాగబెట్టి మంచినీళ్ళు తీస్తాను. పొద్దున్నే అద్దాలు తుడవాలి, గొట్టాల్లో పేరుకున్న ఉప్పు గీకాలి, డబ్బాలు నింపాలి. ఆ డబ్బాలను నడిమి వంతెన దాటించి పడమటి వరుసకు మోసేది నా కూతురు పైడితల్లి. పడమటి వైపు బట్టీ పోయిన తుఫానులో కొట్టుకుపోయింది. అప్పటినుంచి రెండు వరుసలూ తాగేది నా నీళ్ళే. రెండు వరుసలూ కలిసి చేసే పని అదొక్కటే.

నిన్న పొద్దున పడమటి వరుసలో బోడయ్య అనేవాడికీ వాడి పక్కింటివాడికీ లంగరు తాడు దగ్గర తగువొచ్చింది. బోడయ్య గడపకు వేలాడే తుపాకీ తీశాడు. పక్కింటివాడు వంగాడు. పైడి అప్పుడే వంతెన మీద డబ్బా దించుకుని భుజం రుద్దుకుంటోంది. తూటా దానికి తగిలింది.

నేను వెళ్ళేసరికి ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వంతెన కొలుస్తున్నారు. ఒకడు మా వరుసవాడు, ఒకడు పడమటివాడు. పైడి తల సగానికి ఇటు ఉందా, అటు ఉందా అని వాళ్ళ బాధ. మావాడు దాని కాలు పట్టుకుని కొంచెం అటు జరపబోయాడు. పడమటివాడు వాడి చెయ్యి పట్టుకున్నాడు. నా బిడ్డ ముఖం మీద గుడ్డ కప్పాలని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. పైట చింపి నేనే కప్పాను.

చవితి

ఈ పార్టీల సంగతి నీకు తెలియనిది కాదు త్రినాథబాబూ. కానీ పుస్తకం ఇచ్చేటప్పుడు తెలియనివాళ్ళకు చెప్పినట్టే రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. పడవల మరలు అచ్చేసే యంత్రంలోనే తుపాకీ కూడా అచ్చవుతుందని ఏ మహానుభావుడు కనిపెట్టాడో గాని, అప్పటినుంచి ఈ పట్నంలో రెండే కులాలు. మా తూర్పువాళ్ళు తుపాకులన్నీ వరుస కొట్లో పెట్టి తాళం వేయాలంటారు. వాళ్ళది కొట్టు పార్టీ. పడమటివాళ్ళు ప్రతి గడపకూ ఒకటి వేలాడాలంటారు. వాళ్ళది గడప పార్టీ. మా కొట్టు తాళానికి ఎన్ని దొంగ తాళంచెవులు ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టరు. వాళ్ళ గడపల మేకులు ఎంత వదులుగా ఉన్నాయో కూడా ఎవరూ చూడరు.

ఇవాళ సాయంత్రం వంతెన మధ్యలో, తుపాకీ చావుల లెక్క రాసే పలక కింద, వాదన జరిగింది. పలక మీద తూర్పు, పడమర అని రెండే గళ్ళు. ఉగాదికి తుడిచినప్పటినుంచి రెండూ ఖాళీ. ఈ ఐదు నెలల్లో ఎంతమంది తుపాకీకి పోయారో నాకు తెలుసు, ఎందుకంటే ఆఖరి స్నానానికి నీళ్ళు నా దగ్గరే తీసుకెళ్తారు. పలకకు తెలియదు.

గడప పార్టీ పెద్ద విశాలాక్షి ముందు లేచింది. మంచి కంఠం ఆమెది. "వెయ్యి తుపాకులకు ఎన్ని చావులో చూడండి. తూర్పులో తుపాకులు గుప్పెడు. ఆ గుప్పెడుకే ఇన్ని చావులు. అంటే తప్పు తుపాకీలో లేదు, తూర్పులో ఉంది" అంది. పడమటివాళ్ళు చప్పట్లు కొట్టారు.

మా కొట్టు పార్టీ పెద్ద లోకనాథం నవ్వి లేచాడు. "చచ్చేది మనుషులమ్మా, తుపాకులు కాదు. వెయ్యి మందికి ఎన్ని చావులో చూడండి" అన్నాడు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. తర్వాత లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గర పడ్డారు. తుఫాను ముందునుంచి మొదలుపెడితే పడమటివాళ్ళు బుద్ధిమంతులు. తుఫాను తర్వాతనుంచి అయితే మావాళ్ళు. ఆసుపత్రి తెప్ప తూర్పున ఉంది కాబట్టి అక్కడ పోయినవాళ్ళు తూర్పు లెక్కని ఒకరు, తూటా ఏ వైపునుంచి లేచిందో ఆ వైపు లెక్కని ఒకరు. ఎవరికి ఏ ముక్క పనికొస్తే వాళ్ళు ఆ ముక్క కోసుకుని తక్కినది సముద్రంలోకి తోసేశారు. పైడి వెయ్యిలో ఎన్నో వంతో ఇద్దరూ చెప్పారు. దాని పేరు మాత్రం ఇద్దరికీ నోట్లోకి రాలేదు.

వాదన అయ్యాక లోకనాథం మా బట్టీ దగ్గరికి వచ్చాడు. చిన్నప్పుడు నా వెనకాల వల లాగినవాడు. ఇప్పుడు చొక్కా నలగకుండా కూర్చుంటాడు. జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"అక్కా, దీని మీద వేలిముద్ర వేస్తే సభ దగ్గరున్న పిల్లని ఈ రాత్రికే ఇప్పిస్తాను. సొంతచేతి చావు అని."

సొంతచేతి చావు ఏ లెక్కలోకీ రాదు. రెండు పార్టీలూ కలిసి, గొడవ లేకుండా, నవ్వుతూ ఒప్పుకున్న నియమం అదొక్కటే.

"నీల్ల డబ్బాలు మోసే నా పిల్ల ఎలాగ కాల్సుకున్నాది, లోకనాథం?" అన్నాను.

"అవన్నీ నేను చూసుకుంటానక్కా. మన వరుస గడిలో ఒకటి పడితే వాళ్ళు ఏడాదంతా దాన్నే ఊపుతారు."

"బోడయ్య పేల్చినాడని జనం సూసినారు."

"సగంమంది మనవాళ్ళే" అన్నాడు.

కాగితం ఉప్పు గీకే కత్తితో రెండుగా కోసి ఇచ్చాను. నా వరుసవాడే, నా పార్టీవాడే, నా తమ్ముడిలాంటివాడే ఆ కాగితం తెచ్చాడు. పడమటివాడు తెచ్చి ఉంటే ఇంత మండేది కాదు.

షష్ఠి

సభ తీర్పు చెప్పింది. పైడి ఉండేది తూర్పులో, తల పడింది సగానికి ఇవతల, కాబట్టి తూర్పు లెక్క. పేల్చిన చెయ్యి, పేలిన తుపాకీ పడమటివే అయినా సరే. బోడయ్య తుపాకీని మాత్రం సభ గదిలో కట్టి పెట్టారు. పలక మీద తూర్పు గడిలో ఒకటి వేశారు.

ఇప్పుడు పైడి ఐసుగదిలో ఉంటుంది. చెల్లు అయ్యేదాకా ఇవ్వరు.

ఈ చెల్లు పద్ధతి పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మా అమ్మ కాలంలో మీవైపు ఎక్కువ చచ్చారంటే మీవైపు ఎక్కువ చచ్చారని రెండు వరుసలూ దెప్పుకుని, ఆ దెప్పుల మీద మళ్ళీ కాల్చుకునేవారట. అప్పుడు పెద్దలు కూర్చుని, తూర్పున ఒకటి పడమట ఒకటి పడితే చెల్లుకు చెల్లు, రెండూ తుడిచేద్దాం అన్నారు. ఎవరూ ఎవరినీ దెప్పడానికి ఉండదని. లెక్క తగ్గించుకోవడానికి శవాలను దొంగతనంగా సముద్రంలో వేస్తున్నారని, చెల్లు అయ్యేదాకా శవం సభ దగ్గరే ఉండాలన్నారు. చెల్లు కాకపోతే ఉగాదికి పలక తుడిచేదాకా. ఉగాదికి ఇంకా సగం ఏడాది పైనే ఉంది.

ఐసుగదిలో ఒక పక్క వంజరం పెట్టెలు, ఒక పక్క పైడి. కాపరి మంచివాడు, చేపల వైపు తెర కట్టాడు. ఆ ఐసు నా బట్టీ నీళ్ళతో చేసిందే. పొద్దున లేచి అద్దాలు తుడుస్తూ, ఇవాళ ఎండ బాగా కాస్తే దానికి కొంచెం ఎక్కువ ఐసు అనుకున్నాను. తర్వాత ఏం ఆలోచిస్తున్నానో తెలిసి గుడ్డ అక్కడే పడేశాను.

అష్టమి

డబ్బాలు మోసే పైడి లేదు కాబట్టి పడమటివాళ్ళే వంతెన దాటి వస్తున్నారు. తలవంచుకుని నింపుకుని పోతున్నారు. ఒకామె మాత్రం నిలబడింది. అసిరమ్మ. బక్కపలచని మనిషి, పెద్ద కళ్ళు.

"అప్పా, రెండుసార్లు కాసిన నీల్లు ఉన్నాయేటి? మావోడి కాలు కడగాల" అంది, నన్ను అక్కను చేసుకుని.

మూడు రోజుల కింద తెప్ప ఊగినప్పుడు గడప మేకు ఊడి, తుపాకీ కింద పడి దానంతట అదే పేలిందట. తూటా ఆమె మొగుడు నూకయ్య తొడలో దిగింది. వాళ్ళ వరుస వైద్యుడు తూటా తీయకుండానే కట్టు కట్టి పోయాడు. తూటా తీస్తే గాయం తుపాకీదని రాయాలి కదా.

నీళ్ళు పట్టుకుని నేనే వెళ్ళాను. పడమటి వరుసలో నేను అడుగుపెట్టి చాలా కాలమైంది. కట్టు విప్పి కడిగాను. తొడ నల్లబడి ఉంది, వాసన మొదలైంది. నూకయ్య పళ్ళు కరిచిపట్టి, "నీ పిల్ల రోజూ మా గుమ్మంలో డబ్బా దించేటప్పుడు పాట పాడేదమ్మా" అన్నాడు. నా దగ్గర ఎప్పుడూ పాడలేదది.

తిరిగొచ్చేటప్పుడు అసిరమ్మ నాతో ఐసుగదికి వచ్చింది. నేను రమ్మనలేదు. పైడి జడ ఐసుకు అంటుకుపోయింది. లాగితే వెంట్రుకలు ఊడతాయని నేను ముట్టుకోకుండా చూస్తున్నాను. అసిరమ్మ అరచేతులు రెండూ దాని మీద పెట్టి, కరిగేదాకా అలాగే ఉంచి, మెల్లగా విడదీసింది. చేతులు ఎర్రగా వాచాయి. కొంగులో చుట్టుకుని మొగుడి దగ్గరికి పోయింది. పైడి పోయాక ఎవరైనా నాకు చేసిన మేలు అది ఒక్కటే.

దశమి

ఇది రాయకూడదు. కానీ అన్నీ రాయమన్నారు.

పొద్దున లేవగానే పడమటివైపు చూస్తున్నాను. మొగ్గలు వేసిందా అని పాదు చూసుకున్నట్టు చూస్తున్నాను. పడవ ఇంజను ఢామ్మంటే గుండె లేచి నిలబడుతోంది. భయంతో కాదు. ఇవాళ అటువైపు ఏడుపు వినిపిస్తే గీకుతున్న గొట్టం పడేసి వంతెన దాకా పరుగెత్తాను. ఎవరో ముసలాయన నిద్రలో పోయాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదనుకున్నావు, ఆ ముసలాయన మీద. పోయేవాడివి తూటాకు పోతే నీ సొమ్మేం పోయిందని.

నేను ఇలాంటిదాన్ని కాదు. నోరు చెడ్డదే గాని మనసు ఇలాంటిది కాదు. కూతురిని కన్నాను, పెంచాను, ఎవరి చావూ కోరకుండా ఇన్నేళ్ళు బతికాను. ఇప్పుడు నా కూతురు ఐసులోంచి బయటికి రావాలంటే అటువైపు ఎవరో ఒక తల్లి బిడ్డ చావాలి. అది తెలిసీ పొద్దున్నే అటే చూస్తున్నాను.

ద్వాదశి

నూకయ్య పోయాడు.

పొద్దున అసిరమ్మ వచ్చింది. ఏడవలేదు. ఆఖరి స్నానానికి నీళ్ళు కావాలంది. పెద్ద డబ్బా నింపి ఇచ్చాను. వాళ్ళ వైద్యుడు జ్వరమని రాశాడట. వాళ్ళ పార్టీవాళ్ళు కాగితం తెచ్చి చూపించిన చోట ఆమె వేలిముద్ర వేసింది. జ్వరంతో పోయినవాణ్ణి ఎవరూ ఐసులో పెట్టరు. సాయంత్రానికల్లా సముద్రంలో వదిలారు.

"అబద్దమాడేసినాను అప్పా" అంది. "నా వోడు నీ పిల్లకి మల్లే ఆ పెట్టెల మజ్జిన తొంగోకూడదని. తప్పేటి?"

"తప్పు కాదే" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె వెళ్ళిపోయాక నీళ్ళు నింపుతూ ఉంటే అప్పుడు తట్టింది. పడమటివైపు తుపాకీ చావు వచ్చింది. నేను చూస్తూ కూర్చున్న చావు వచ్చింది, చేతిలోంచి జారి సముద్రంలోకి పోయింది.

త్రయోదశి

లోకనాథం మళ్ళీ వచ్చాడు. ఈసారి కాగితం లేదు, చేతిలో బెల్లం పొట్లం.

"నూకయ్య పుండు నువ్వే కడిగావటగా అక్కా."

నేను డబ్బా నింపుతూనే ఉన్నాను.

"సభలో ఆ మాటే చెప్పు. ఉన్నదే చెప్పు. తూటా దెబ్బ చూశానని. వాళ్ళ గడిలో ఒకటి పడుతుంది, చెల్లు అవుతుంది, పైడి ఇంటికొస్తుంది."

"అసిరమ్మ ఏటయిపోతాది?"

"దొంగ కాగితం మీద వేలు వేసింది. అది వాళ్ళ వరుస గొడవ" అని లేచాడు. సొంతచేతి కాగితం తెచ్చినవాడే ఇతను. దొంగ కాగితమనే మాట నోట్లో ఏమీ అడ్డుపడకుండా వచ్చింది.

ఐసుగదికి వెళ్తే కాపరి బయటే ఆపాడు. అమావాస్య దాటితే పెద్ద వేట మొదలట, చేపలకు చోటు కావాలట, పైడిని కింద గదికి దించుతారట. కింద గదిలో ఐసు సగమే నిలుస్తుంది. మిగతా సగం నీళ్ళు. "నా చేతిలో లేదమ్మా" అన్నాడు, పాపం, నిజంగానే. లోపలికి వెళ్ళి చూశాను. దాని వేళ్ళు అప్పుడే దాని వేళ్ళలా లేవు.

చతుర్దశి

ఎవరు చెప్పారో గాని, లోకనాథం నన్ను అడిగింది అసిరమ్మకు తెలిసిపోయింది. నేను గొట్టాలు గీకుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. తనూ ఒక కత్తి తీసుకుని ఉప్పు గీకడం మొదలుపెట్టింది. ఒక గొట్టం అయ్యేదాకా ఇద్దరం గీకాం.

"వరస తప్పించేత్తారు అప్పా" అంది చివరికి. "ఇల్లు తీసేసుకుంతారు. నా తెప్పకి ఎవులూ తాడు కట్టరు, నన్ను కట్టుకోనివ్వరు. ఇటేపు మీవోలు రానిత్తారా? రానివ్వరు."

"నా పిల్లని కింద గదిలోకి దించేత్తన్నారే."

"తెలుసు. నానూ సూసినాను గదా దాన్ని."

"మరి నన్నేటి సెయ్యమంతావు?"

ఆమె కత్తి కింద పెట్టింది. "నానేటి సెప్తాను. నా పిల్లే అయితే నానేటి సేద్దునో నాకు తెలవదు. అడగడానికొచ్చినాను. అడిగినాను" అంది. గీకిన ఉప్పు ఎత్తి మూటకట్టి, ఎప్పుడూ పెట్టే చోట పెట్టి వెళ్ళింది.

తిట్టి ఉంటే బాగుండేది. శాపనార్థాలు పెట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి, ఆ కోపం మీద పని కానిచ్చేదాన్ని.

అమావాస్య

సభలో చెప్పాను.

విశాలాక్షి గట్టిగానే వాదించింది. "తూటా తగిలింది తొడకి. మనిషి పోయింది జ్వరంతో. జ్వరాలన్నీ తుపాకుల లెక్కలో వేస్తే రేపు దోమల లెక్కలో ఎవరిని వేస్తారు?" అంది. జనం నవ్వారు. లోకనాథం లేచి, చావుకు మూలం చూడాలి గాని పైపైన చూడకూడదని, తూటా ఎవరిదైతే చావు వారిదని అన్నాడు. పైడి విషయంలో ఇదే మాట విశాలాక్షి కొట్టిపారేసింది, సభ కూడా కొట్టిపారేసింది. ఇవాళ సభ తల ఊపింది. నాకు కావలసిన వైపే ఊపింది కాబట్టి నేనూ నోరు మూసుకున్నాను.

తర్వాత నన్ను పిలిచారు. తొడ నల్లబడిందని, వాసన వచ్చిందని, కడుగుతుంటే వేలికి తూటా తగిలిందని చెప్పాను. ప్రతి మాటా నిజమే. నిజం చెప్పి ఇంత నీచమైన పని చేయొచ్చని నాకు ఇవాళే తెలిసింది. అసిరమ్మ వెనక వరుసలో నిలబడి ఉంది. కాగితం మీద వేలు వేయించింది తన పార్టీవాళ్ళేనని ఆమె ఒక్కమాట అంటే విశాలాక్షి తల దించుకునేది. అనలేదు. అన్నా ఎవరు వినేవారు.

త్రినాథబాబూ, తర్వాతిది నువ్వే చేశావు. పడమటి గడిలో ఒకటి వేశావు. రెండు ఒకట్లూ ఒక ఊపిరి తీసేంతసేపు పక్కపక్కన ఉన్నాయి. నూకయ్యా పైడీ పక్కపక్కన. అప్పుడు తడిగుడ్డ తీసుకుని రెండూ తుడిచి, రెండు గళ్ళలోనూ సున్నా పెట్టావు. జనం ఈలలు వేశారు.

విశాలాక్షి అక్కడికక్కడే అసిరమ్మను వరుస తప్పిస్తున్నట్టు చెప్పింది. ఈలలు ఇంకా ఆగకపోవడంతో ఆ మాట రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

భాద్రపద శుద్ధ పాడ్యమి

పైడిని ఇచ్చారు. స్నానం చేయించాను. నా నీళ్ళు ఎంత పోసినా చేపల వాసన పోలేదు. నా పిల్ల బతికుండగా ఒంటికి ఉప్పు అంటితేనే ఊరుకునేది కాదు. జడ వేసి, దాని పసుపు చీర చుట్టి, పడవలో తీసుకెళ్ళి లోతులో వదిలాను. పడవ నడిపినవాడూ నేనూ, అంతే. మిగతా వరుస అంతా వంతెన మీద ఉంది. సున్నా పండగ.

తిరిగొచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. పాకం ఉండలు పంచుతున్నారు. తుపాకులకు తాళం వేయబట్టే ఈ ఏడు ఒక్క చావూ లేదని లోకనాథం ఒక బల్ల మీద, గడపకో తుపాకీ ఉండబట్టే ఈ ఏడు ఒక్క చావూ లేదని విశాలాక్షి ఇంకో బల్ల మీద మాట్లాడుతున్నారు. ఇద్దరూ ఒకే సున్నాను చూపించారు. లోకనాథం నన్ను చూసి బల్ల ఎక్కమన్నాడు. తుపాకీ చావుకు కూతురిని పోగొట్టుకున్న తల్లి అని చెప్పబోయి, ఆగి, "మన దాలమ్మక్క, మనకు నీళ్ళిచ్చే తల్లి" అన్నాడు. తెలివైనవాడు. చావే లేనప్పుడు పోగొట్టుకున్న తల్లి ఎక్కడిది.

ఆ రోజు ఆ కాగితం మీద వేలిముద్ర వేసి ఉంటే పైడి లెక్కలో ఉండేది కాదు. వేయకుండా, ఐసులో పెట్టి, సభలో నిజం చెప్పి, ఇంకో ఆడదాని కొంప కూల్చాను. ఇప్పుడూ లెక్కలో లేదు.

బట్టీకి వస్తుంటే బోడయ్య ఎదురొచ్చాడు. చేతిలో అదే తుపాకీ. లెక్కలో చావు లేదు కాబట్టి దాన్ని కట్టి ఉంచే హక్కు సభకు లేదని ఇచ్చేశారట. నన్ను చూసి పక్కకు తప్పుకుని, దారి ఇచ్చి, దండం పెట్టాడు. దండం పెట్టేటప్పుడు తుపాకీ రెండు చేతుల మధ్య ఉంది.

విదియ

పొద్దున్నే త్రినాథబాబు వచ్చాడు. ఈ పుస్తకం ఇక అక్కర్లేదట. "చావు లేనప్పుడు చిట్టా ఉండకూడదమ్మా. ఇవాళ్టిది రాసి ఇచ్చేయండి" అన్నాడు. ఇచ్చేస్తే ఏం చేస్తావని అడిగాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బయట డబ్బా మీద కూర్చున్నాడు. కూర్చోనీ.

అసిరమ్మ వంతెన మధ్యలో ఉంది. మూట పక్కన పెట్టుకుని, ఏ వరుసలోకీ రాకుండా, సరిగ్గా సగం మీద కూర్చుంది. పడమటివాళ్ళు ఆమెను దాటుకుని నీళ్ళకు వస్తున్నారు. మా ఇంటికి తీసుకొస్తానని లోకనాథాన్ని అడిగాను. పడమటి మనిషిని పెట్టుకుంటే రేపు ఆమెకు ఏమన్నా అయితే అది మన లెక్కలో పడుతుందక్కా అన్నాడు.

చెంబు నిండా మంచినీళ్ళు పట్టుకెళ్ళాను. ఎండకు ఆమె పెదాలు పగిలి ఉన్నాయి. చెంబు తీసుకుంది. నన్నే చూస్తూ, చెయ్యి బయటికి చాపి, సముద్రంలో పారబోసింది. ఖాళీ చెంబు నా చేతికి ఇచ్చింది. ఈ పట్నంలో మంచినీళ్ళు సముద్రంలో పారబోసిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

వెనక్కి వచ్చి మళ్ళీ నింపుకుని వెళ్ళాను. మళ్ళీ పారబోసింది. ఇంకోసారి వెళ్ళాను.

ఈసారి చెంబు పట్టుకుని అడిగింది. "అప్పా, నా వోడు ఏటయి సచ్చిపోనాడు?"

"తూటా తగిలి" అన్నాను.

"నీ పిల్ల?"

"తూటా తగిలే."

ఆమె తల ఎత్తి పలకవైపు చూసింది. నేనూ చూశాను. నిన్నటి పూలదండ ఇంకా రెండు సున్నాలకూ కలిపి వేలాడుతోంది.

"నానాడిన అబద్దానికి నా మొగుడు సముద్రంలోకన్నా పోనాడు" అంది. "నీ నిజానికి ఏటొచ్చినాది?"

చెంబు ఒంపేసింది.

త్రినాథబాబు లేచి నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాడు, పుస్తకం కోసం. ఎండ ముదురుతోంది. ఇది అతని చేతిలో పెట్టి, ఇంకో చెంబు నింపుకుని వెళ్ళాలి.